ఎస్సౌయిరాలో రంగు ఆరనే ఆరదు

డిసెంబర్ చివర్లో మొరాకో వెళ్తున్నామని, మరాకేష్ నుంచి పొద్దున బయల్దేరి సాయంత్రానికి తిరిగొచ్చేలా సముద్రం ఒడ్డున ఉన్న ఎస్సౌయిరా ఊరు చూద్దామనుకుంటున్నామని రాశారు. ఫోటోల్లో కనిపించే ఆ నీలం పడవలు, గోడల మీద వేలాడే తివాచీలు నిజంగా అలాగే ఉంటాయా, లేక టూరిస్టుల కోసం వేసిన సెట్టింగా అని అడిగారు. చివర్లో "అక్కడ చూడ్డానికి పెద్దగా ఏమీ లేదట కదా" అని కూడా అన్నారు.

చివరి మాట నుంచే మొదలుపెడతాను. టికెట్ కొని లోపలికెళ్లి చూసేవి తక్కువే, అది నిజం. ఫెజ్ నగరంలో ఉన్నట్టు గొప్ప మదర్సాలుండవు, మరాకేష్‌లో ఉన్నట్టు రాజభవనాలుండవు. ఊరే చూడాలి, ఊళ్లో జనం పని చేసుకోవడం చూడాలి. నేను కాసాబ్లాంకాలో ఆరేళ్లు ఉద్యోగం చేశాను. మూడు రోజులు వరసగా సెలవు దొరికితే చాలు బస్సెక్కి అక్కడికి పోయేవాణ్ణి, తక్కువలో తక్కువ పదిహేను సార్లు వెళ్లుంటాను. మాది కాకినాడ పక్క. చిన్నప్పటి నుంచి చేపల రేవు వాసన అలవాటే కాబట్టి మొదటిసారి దిగినప్పుడు కూడా కొత్త ఊరు అనిపించలేదు. వాసన మనదే, రంగులే వేరు.

ముందు గాలి సంగతి చెప్పాలి. అక్కడ ఏది ఎందుకలా ఉందని అడిగినా సగం జవాబు గాలే. ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా ఉత్తరం వైపు నుంచి సముద్రం మీదుగా ఒకటే కొట్టుడు. జులైలో మరాకేష్ 40 డిగ్రీలు దాటి ఉడికిపోతుంటే ఇక్కడ పగటి వేడి 22, 23 దగ్గరే ఆగిపోతుంది, సాయంత్రమైతే జనం జాకెట్లు వేసుకుంటారు. ఊరికి దక్షిణాన కేప్ సిమ్ దగ్గర 2007 నుంచి గాలిమరలు తిరుగుతున్నాయి, 60 మెగావాట్ల కరెంటు. మీరు వెళ్లే డిసెంబర్‌లో గాలి కాస్త నెమ్మదిస్తుంది, వాన ఒకటి రెండు రోజులు పడొచ్చు. గొడుగు మాత్రం తీసుకెళ్లకండి, మొదటి మలుపులోనే తిరగబడుతుంది.

ఆ గాలి ఉత్తచేతులతో రాదు, ఉప్పు మోసుకొస్తుంది. ఇనప ఊచలు తుప్పు పడతాయి, తలుపు చెక్క ఉబ్బుతుంది, వేసిన రంగు ఏడాది తిరక్కుండానే పొలుసులు పొలుసులుగా లేస్తుంది. అందుకే ఆ ఊళ్లో ఎప్పుడు చూసినా ఎవరో ఒకరు బ్రష్ పట్టుకుని ఉంటారు. మీరు ఫోటోల్లో చూసిన నీలం టూరిస్టుల కోసం పూసింది కాదు, ఉప్పు తిన్నచోటల్లా మళ్లీ మళ్లీ వేస్తున్న మందు. మనవైపు సంక్రాంతికి ముందు గోడలకి సున్నం కొడతాం చూడండి, సున్నంలో చిటికెడు నీలిమందు కలిపి. వాళ్లకి ఆ పని ఏడాది పొడుగునా ఉంటుంది.

ఇది నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు, చొక్కా పాడుచేసుకుని తెలుసుకున్నాను. రెండోసారో మూడోసారో వెళ్లినప్పుడు ఒక సందులో గాలి తగలకుండా నిలబడి ఫోన్ చూసుకుందామని ఓ తలుపుకి ఆనుకున్నాను. అటువైపు నుంచి ఎవరో గట్టిగా అరిచారు. వెనక్కి తిరిగి చూస్తే తలుపు మీద నా భుజం ఆకారం, నా చొక్కా మీద తలుపు రంగు. డబ్బా పట్టుకున్న పెద్దాయన తిట్టలేదు, నవ్వి లోపల్నుంచి టర్పెంటైన్, పాత గుడ్డ తెచ్చి తనే తుడిచాడు. తుడిస్తే మరక ఇంకాస్త పాకింది. తర్వాత తలుపు మీద నా భుజం గుర్తుని రెండే రెండు బ్రష్ దెబ్బలతో మాయం చేశాడు. ఆ చొక్కా ఇప్పటికీ మా ఇంట్లో ఉంది, బండి తుడవడానికి.

నీలమే ఎందుకు అని అడిగితే గైడ్లు తలా ఒక కథ చెప్తారు: దోమలు రావని ఒకరు, దిష్టి తగలదని ఒకరు, సముద్రం రంగు అని ఒకరు. నేను ఏదీ పట్టించుకోలేదు. ఊరంతా అదే వాడుతోంది, అంతే. పడవలు నీలం, తలుపులు నీలం, కిటికీ రెక్కలు నీలం, సామాన్లు తోసే బళ్లు నీలం, ఊళ్లో తిరిగే చిన్న టాక్సీలూ నీలమే. గోడలు తెలుపు, గుమ్మాల చుట్టూ చెక్కిన రాయి ఇసక రంగు. ఈ మూడే అసలు ఊరి రంగులు. మిగతావన్నీ, ఆ తివాచీలతో సహా, అమ్మకానికి పెట్టినవి. తివాచీల విషయంలో మాత్రం మీ అనుమానం సగం నిజం: నేసేది లోపలి పల్లెల్లో, కొండ ఊళ్లలో. ఇక్కడ గోడకి వేలాడదీసి అమ్ముతారు, ఆ వరస మీ కెమెరా కోసమే.

రేవుకి పొద్దున్నే వెళ్లండి. పొద్దున్నే అంటే తెల్లవారుజామున కాదు. డిసెంబర్‌లో అక్కడ సూర్యుడు వచ్చేదే ఎనిమిదిన్నరకి. పడవలు రెండు రకాలు. పెద్ద చెక్క పడవలు రాత్రి వేటకెళ్లి కవళ్లు తెస్తాయి, అదే సార్డీన్. ఒకప్పుడు మొరాకోలో పెద్ద సార్డీన్ రేవుల్లో ఇదొకటి, తర్వాత దక్షిణాన ఉన్న రేవులు దాన్ని దాటేశాయి. రెండోవి ఫ్లూకా అనే చిన్న నీలం పడవలు, కోట బురుజు కింద ఒకదానికొకటి ఆనుకుని, నీళ్లు కనపడనంత దట్టంగా కట్టేసి ఉంటాయి. మీరు చూసిన ఫోటో అదే. కానీ నా మాట విని పది అడుగులు పక్కకి జరగండి, పడవలు తయారుచేసే చోటికి. చేపల అస్థిపంజరాల్లా నిలబెట్టిన చెక్క పక్కటెముకలు, కింద రంపప్పొట్టు, దాని మీద పిల్లులు. అక్కడే ఒకతను బోర్లించిన డబ్బా మీద కూర్చుని పడవ పక్కని గోకడం గంటసేపు చూశాను. నీలం కింద ఇంకో నీలం, కొంచెం ముదురు. దాని కింద తెల్లచార, దాని కింద పచ్చ, ఏ యజమాని కాలంనాటిదో. ఉల్లిపాయలా పొరలు ఊడుతుంటే చివరికి బూడిదరంగు చెక్క బయటపడింది. పలకల సందుల్లోకి నారలాంటిది ఉలితో కుక్కాడు, లప్పం పట్టించాడు. ఆ పైన ఎర్రటి కోటింగ్, అది ఆరాకే నీలం. ఈ ఏడాది రంగు వేయడానికి బద్ధకిస్తే వచ్చే ఏడాది పలకే మార్చాలి అన్నాడు, వచ్చీరాని ఫ్రెంచిలో మా ఇద్దరికీ అర్థమైనంత వరకు.

ఇక వీధుల సంగతి. ఫెజ్‌లో దారి తప్పినట్టు ఇక్కడ తప్పరు. కారణం ఉంది. 1506లో పోర్చుగీసువాళ్లు ఇక్కడ ఒక కోట కట్టారు గానీ నిలబెట్టుకోలేకపోయారు. ఇప్పుడున్న ఊరిని 1760లలో సుల్తాన్ సీదీ మొహమ్మద్ బెన్ అబ్దల్లా కొత్తగా ప్లాన్ గీయించి కట్టించాడు, ఆ పనిలో థియోడర్ కోర్నూ అనే ఫ్రెంచి ఇంజనీరు ఉన్నాడు. అందుకే వీధులు తాడు పట్టి గీసినట్టు సూటిగా ఉంటాయి. యూరప్ వాళ్లు మొగడోర్ అనేవారు, స్థానికులు స్వీరా అంటారు. పాత పట్నాన్ని 2001లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు. ఉత్తరాన బాబ్ దుక్కాలా అనే ద్వారం నుంచి దక్షిణాన రేవు దాకా ఒకే ఒక్క సూటి వీధి, నడుస్తూ పోతే పేరు మాత్రం మధ్యలో మారుతుంటుంది. రేవు దగ్గర కొస టూరిస్టులది. బాబ్ దుక్కాలా వైపు కొస ఊరివాళ్లది. ప్లాస్టిక్ బకెట్లు, స్కూల్ బ్యాగులు, పుదీనా కట్టలు, బతికున్న కోళ్లు, పాత సెల్‌ఫోన్లు అన్నీ అటే. చాలామంది మౌలే హసన్ కూడలిలో కాఫీ తాగి, నాలుగు ఫోటోలు తీసి వెళ్లిపోతారు, ఇటు రానే రారు.

కోట లోపల కార్లు తిరగవు. సామాన్లు మోసేది తోపుడు బళ్లే, కర్రోసా అంటారు. బాబ్ సబా ద్వారం బయట వరసగా నిలబడి ఉంటాయి. హోటల్ పేరు చెప్పి, రేటు ముందే మాట్లాడుకుని, మీ పెట్టెలు అందులో పడేసి వెనకే నడవండి. వెనకనుంచి "బాలక్, బాలక్" అని అరుపు వినిపిస్తే హిందీలో మిమ్మల్ని కుర్రాడా అంటున్నారనుకోకండి, తప్పుకోమని అర్థం. గోడకి అంటుకుని నిలబడాలి. కొత్త రంగు వేశారేమో చూసుకుని.

పొద్దున వీధుల్లో నాకిష్టమైన దృశ్యం రొట్టెల పళ్లెం. చాలా ఇళ్లలో పిండి ఇంట్లోనే కలిపి, గుండ్రంగా తట్టి, పళ్లెంలో పెట్టి గుడ్డ కప్పి వీధి పొయ్యికి పంపుతారు. తీసుకెళ్లేది ఎక్కువగా పిల్లలు. పొయ్యి ఉన్న గది కిందకి దిగినట్టు ఉంటుంది, లోపలంతా చీకటి, పొయ్యి నోరు ఒక్కటే ఎర్రగా. ఇన్ని ఇళ్ల రొట్టెల్లో ఎవరిది ఏదో పొయ్యివాడికి ఎలా తెలుస్తుందా అని నాకు మొదట్లో ఆశ్చర్యం. గుడ్డ రంగు, పళ్లెం అంచు, రొట్టె మీద ఫోర్కుతో గుచ్చిన చుక్కలు చూసి గుర్తుపడతాడట. గంట తర్వాత అదే పిల్లవాడు వేడి పళ్లెం తీసుకుని వస్తూ దారిలో అంచు ఒకటి తుంచి నోట్లో వేసుకుంటాడు. ఏ దేశంలోనైనా పిల్లలు పిల్లలే.

ఆ టైముకే తెల్లటి హాయిక్ కప్పుకున్న ముసలమ్మలు కూరగాయలకి బయల్దేరతారు. నిలువెత్తు గుడ్డ, తల మీంచి మడమ దాకా చుట్టుకుని ఒక చేత్తో గడ్డం కింద పట్టుకుంటారు. తెల్ల గోడ పక్కన తెల్ల హాయిక్, గాలికి తెరచాపలా ఉబ్బుతూ. పడుచువాళ్లు ఎవరూ కట్టరు, పొడుగు జుబ్బాల్లాంటి జెల్లాబాలూ జీన్సులే, కాబట్టి ఇంకో పదేళ్లకి ఇది కనిపించకపోవచ్చు. దయచేసి వాళ్లని దొంగచాటుగా ఫోటో తియ్యకండి. అక్కడివాళ్లకి, అందులోనూ పెద్దవాళ్లకి, అది నచ్చదు. అడిగి, వద్దంటే మానేయండి.

మధ్యాహ్నం సూక్ జ్దీద్ అనే బజారు. ఊరి నడుమ రెండు పెద్ద వీధులు కలిసేచోటు ఇటు చేపలు, అటు మసాలాలు. చేపలు మీరే ఎంచుకుని తూయించుకుని, పక్కనే పొయ్యి పెట్టుకున్నవాడి దగ్గరికి తీసుకెళ్తే కొద్దిపాటి డబ్బులకి కాల్చి ఇస్తాడు. ఉప్పు, జీలకర్ర పొడి, నిమ్మచెక్క, టమాటా ముక్కలు, రొట్టె. కవళ్లు బొగ్గుల మీద పడగానే నూనె కారి భగ్గుమంటుంది, చర్మం నల్లగా పగిలి లోపల తెల్లగా ఊడొస్తుంది. మా అమ్మ చింతపండు పులుసులో పెట్టే కవళ్లు తిన్న నాలుక మీద కూడా అది నిలబడింది, అంతకంటే మెచ్చుకోలు నా దగ్గర లేదు. బయట కూర్చుని తింటే పళ్లెం మీద చెయ్యి అడ్డంపెట్టుకోండి. సముద్రపు కాకులు భుజం మీంచే తన్నుకుపోతాయి.

శాకాహారులైతే టెన్షన్ అక్కర్లేదు. పొద్దున బిస్సారా తాగండి, ఎండు బాకలా (ఫావా బీన్స్) గింజలతో చేసే చిక్కటి పప్పు, పైన ఆలివ్ నూనె, జీలకర్ర. రొట్టెతో నంజుకుంటే మన ముద్దపప్పుకి దగ్గరి చుట్టమే. మ్సెమెన్ అని పొరల పరాటా, హర్షా అని బొంబాయిరవ్వ రొట్టె కూడా వీధుల్లో దొరుకుతాయి. మట్టిమూకుట్లో ఉడికించే కూరగాయల తాజీన్, శుక్రవారం వండే గోధుమరవ్వ కుస్‌కుస్ మాత్రం మాంసం ఉడికించిన నీళ్లతో చేస్తారు చాలాచోట్ల, అడిగి తినండి.

మసాలా కొట్ల దగ్గర ఒక చిన్న ముచ్చట. గాజు సీసాల్లో పసుపు, కారం, ఎండు గులాబీ మొగ్గలు పేర్చి ఉంటాయి. వాటి మధ్య ఒక సీసాలో కళ్లు చెదిరే నీలం పొడి. పేరేమిటని అడిగితే కొట్టువాడు "నీలా" అన్నాడు. మా భాషలో నీలం అంటాం అన్నాను. నమ్మలేదు, నేను వెక్కిరిస్తున్నానేమోనని చూశాడు. అరబ్బీలోకి ఆ మాట సంస్కృతం నుంచే పోయింది, నీలిమందు వ్యాపారం వెంట ఓడలెక్కి. ఆడవాళ్లు ముఖానికి పట్టించుకుంటారని అమ్ముతారు గానీ ఇప్పుడు సీసాల్లో ఉండేది చాలాచోట్ల ఉత్త సింథటిక్ రంగు, ముఖం జోలికి పోకండి. అలాగే కూడలిలో కూర్చున్న ఆడవాళ్లు మీ ఆవిడ చెయ్యి పట్టుకుని గోరింటాకు పెట్టేస్తారు, తర్వాత డబ్బులు అడుగుతారు. పచ్చగా ఉంటే పర్వాలేదు. నల్లగా, వెంటనే పండుతుందంటే అది తలకి వేసుకునే రంగులోని మందు, పీపీడీ అంటారు, చర్మం బొబ్బలెక్కుతుంది.

రంగుల గురించి అడిగారు కాబట్టి ఇంకోటి చెప్పాలి. రేవుకి ఎదురుగా కనిపించే దీవుల్ని పూర్వం ఊదా దీవులు అనేవారు. రోమన్ల కాలంలో మౌరిటానియా (ఇప్పటి దేశం కాదు, అప్పట్లో ఉత్తర మొరాకో, అల్జీరియా వైపున్న రాజ్యం) రాజు రెండో జూబా అక్కడ ఒక రకం సముద్రపు నత్తల నుంచి ఊదారంగు తీయించేవాడు, ఆ రంగు రోములో పెద్దింటివాళ్ల బట్టలకి పోయేది. ఇప్పుడు అటు అనుమతి లేనిదే వెళ్లనివ్వరు, ఎలియోనోరా డేగలు గూళ్లు పెట్టే చోటు.

సాయంత్రం గ్నావా వాళ్లు కనిపిస్తారు. సహారాకి దక్షిణం నుంచి బానిసలుగా తెచ్చినవాళ్ల సంతతి. గెంబ్రీ అనే మూడు తీగల వాద్యం, చేతుల్లో ఇనప చిడతలు, టోపీల నిండా కుట్టిన గవ్వలు. గవ్వలు అనేసరికి నాకు ఆసక్తి. ఒకప్పుడు పశ్చిమాఫ్రికాలో డబ్బుగా చెలామణీ అయిన గవ్వలు మాల్దీవుల నుంచి ఓడల్లో వెళ్లినవే. వీధిలో వాయించేది చిల్లర కోసం. అసలు తంతు, ఆత్మల్ని పిలిచేది, లీలా అని రాత్రంతా ఇళ్లలో జరుగుతుంది, అందులో ఒక్కో ఆత్మ గుంపుకి ఒక్కో రంగు, తెలుపు, నీలం, ఎరుపు, నలుపు, పచ్చ, పసుపు. ఆ రంగు గుడ్డ కప్పుకుని ఆడతారు. 1998 నుంచి ఏటా గ్నావా పండగ చేస్తున్నారు, సాధారణంగా జూన్‌లో. ఆ రోజుల్లో రూము దొరకదు. మీకు ఆ బాధ లేదు.

కోట గోడ కింద, ఒకప్పుడు మందుగుండు దాచిన గదుల్లో ఇప్పుడు వడ్రంగులు. థుయా అనే చెట్టు వేరు బుడిపెని చెక్కి పెట్టెలు, పళ్లేలు చేస్తారు, నిమ్మచెట్టు కలప, ముత్యపుచిప్ప పొదుగుతారు. వాసన దూరం నుంచే తెలుస్తుంది, దేవదారుకీ మిరియాలకీ మధ్య ఎక్కడో. చిన్న డబ్బా ఒకటి కొనుక్కోండి, పెద్దవి వద్దు: ఆ బుడిపె కోసం తవ్వితే చెట్టే పోతుంది, ఆ చెట్టు పెరిగేది చాలా నెమ్మదిగా.

రంగే లేని చోటు కూడా చూడండి. ఉత్తరం వైపు మెల్లా, యూదుల పేట. ఒకప్పుడు ఊళ్లో దాదాపు సగం మంది వాళ్లే, సుల్తాన్ తరఫున ఇంగ్లండుతో వ్యాపారం నడిపిన వర్తకులు. చైనా గ్రీన్ టీ మొరాకోలోకి దిగిన రేవుల్లో ఇదొకటి, ఈ రోజు దేశమంతా తాగే పుదీనా టీ వెనక ఆ వ్యాపారం ఉంది. ఇజ్రాయెల్ ఏర్పడ్డాక చాలామంది వెళ్లిపోయారు. పాత ఇళ్లు తేమకి కూలుతున్నాయి, కొన్ని గుమ్మాల మీద ఆరు కోణాల నక్షత్రం మాత్రం రాతిలో మిగిలింది. రంగు వేసేవాళ్లు లేకపోతే ఆ ఉప్పుగాలి ఏం చేస్తుందో అక్కడ చూడొచ్చు. వాళ్ల కథ కోసం బైత్ దాకిరా అని పాత సినగాగు ఉన్న ఇంట్లో మ్యూజియం పెట్టారు, 2020లో. ఒక గంట చాలు.

ఒక్కరోజు ట్రిప్పు వద్దంటాను. మరాకేష్ నుంచి బస్సుకి మూడు గంటలు. పదకొండుకి దిగి ఐదుకి ఎక్కేస్తే పొద్దుటి రొట్టెల పళ్లెమూ ఉండదు, ఆరున్నర దాటాక కోట మీంచి కనిపించే సూర్యాస్తమయమూ ఉండదు. మధ్యలో టూరిస్టుల వేళ మాత్రమే మిగులుతుంది, ఆ వేళలో మీరు అనుకున్నట్టు అది సెట్టింగులాగే కనిపిస్తుంది. రెండు రాత్రులు ఉండండి. రూము సముద్రానికి ఎదురుగా తీసుకోకండి, తేమకి దుప్పటి కూడా చల్లగా ఉంటుంది. లోపలి వీధిలో తీసుకోండి.

కారు మాట్లాడుకుంటే దారిలో అర్గాన్ చెట్ల మీద మేకలు చూపిస్తానని డ్రైవర్ ఆపుతాడు. మేకలు కాయల కోసం ఆ చెట్లు ఎక్కడం నిజమే, కానీ రోడ్డు పక్కన కొమ్మకొకటి చొప్పున కదలకుండా నిలబడ్డవి చాలావరకు పొద్దున్నే ఎత్తి పెట్టినవి, కిందనున్నవాడు ఫోటోకి డబ్బులు వసూలు చేస్తాడు. మీరన్న సెట్టింగ్ ఏదైనా ఉంటే అదీ. బస్సులో పోతే అక్కడ ఆపరు.